వేడిమి విద్యుత్తైన చరిత్ర

నేటి ప్రసంగమునకు నేను చరిత్రనే విషయముగ గైకొంటిని. చరిత్ర యనగానే రాజులును, రాజ్యములును, యుద్ధములును మనస్సునకు వచ్చును. కాని ఒక విద్య ఎచ్చటనో పుట్టి, ఎందఱి చేతులలోనో పెరిగి, తుదకు సామాన్యుని గడపవఱకు నడచివచ్చుటయు చరిత్రయే. అట్టి విద్య యొకదానిని గూర్చి మనవి చేసెదను. వేడిమినుండి, మధ్య ఏ చక్రమును తిరుగకుండ, ఏ యంత్రమును కదలకుండ, తిన్నగ విద్యుచ్ఛక్తిని తీయు విద్య అది. అది లోకమునకు తెలిసి రెండువందల సంవత్సరములు దాటినది. ఐనను ఇన్నాళ్లును అది ఎక్కువగ ప్రయోగశాలలయందును, యుద్ధభూములయందును, అంతరిక్షమున పోవు నౌకలయందును నిలిచిపోయెను. ఇప్పుడు దానినే పలుచని రేకులపై, వంగు గుడ్డలపై, సిరావలె అచ్చువేయుచున్నారు. రెండువందల యేండ్లు ఎందుకు పట్టెను? ఈ అచ్చుపని ఏమి మార్చినది? దీనినుండి మనము ఏమాత్రము ఆశింపవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పుదును.

మనము దినదినమును ఎంత వేడిమిని గాలిపాలు చేయుచున్నామో తలపోయుడు. చెఱకు రసమును కాచు బెల్లపు పెనముక్రింద మండిన మంటలో కొంతభాగమే రసమునకు అందును. తక్కినది పొయ్యి గోడలగుండను, పొగగొట్టముగుండను పోవును. మోటారుబండిలో పోసిన పెట్రోలునందలి శక్తిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే పనికి వచ్చును. మిగిలిన దంతయు వేడియై పోవును. బొగ్గుతో విద్యుత్తును తయారుచేయు పెద్ద కేంద్రములలోనైనను బొగ్గు మండవలెను, నీరు ఆవిరి కావలెను, ఆవిరి చక్రమును త్రిప్పవలెను, చక్రము డైనమోను త్రిప్పవలెను. అప్పటికిగాని దీపము వెలుగదు. ఇంత కర్మకాండ లేకుండ, మంట కెదురుగ రెండు లోహముల నుంచి వానినుండి విద్యుత్తును రాబట్టవచ్చునా? రాబట్టవచ్చును. దానిని మొదట విశదముగ పరిశోధించినవాడు సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు.

థామస్ యోహాన్ సీబెక్ 1770వ సంవత్సరమున బాల్టిక్ సముద్రతీరమందలి రెవాల్ పట్టణమున జన్మించెను. అదియే నేటి ఎస్టోనియా దేశపు రాజధాని తాల్లిన్. ఆయన వైద్యము చదివెను. కాని మనస్సు మాత్రము ప్రకృతిశాస్త్రముపైనే యుండెను. 1820లో డెన్మార్కు దేశమున ఓర్స్టెడ్ అను పండితుడు, విద్యుత్తు ప్రవహించు తీగెకు దగ్గఱగ దిక్సూచి నుంచినచో దాని ముల్లు ప్రక్కకు తిరుగునని కనుగొనెను. ఆ వార్త యూరపునం దంతటను పాఱెను. మఱుసటి యేడు, అనగా 1821లో, బెర్లిను నగరమున సీబెక్ రెండు వేఱువేఱు లోహపు ముక్కలను రెండు కొనలయందును అతికి ఒక ఉంగరమువలె చేసి, నడుమ దిక్సూచి నుంచెను. అతుకులలో ఒకదానిని వేడిచేసినంతనే దిక్సూచి ముల్లు కదలెను! రెండవ అతుకు చల్లగ నుండవలెను. రెండు అతుకులును ఒకే వేడిమి నందినచో ముల్లు కదలదు. తేడా ఎంత ఎక్కువయైన, ముల్లు అంత ఎక్కువగ తిరుగును.

ఈ "తేడా" అను మాటను మనస్సున నుంచుకొనుడు. ఈ ప్రసంగమున కంతటికిని అదియే కీలకము. కాలువకు ఎగువయు దిగువయు నున్నగాని నీరు పాఱదు గదా! నిండు చెఱువున నీరెంత యున్నను, మట్టము సమానమైనచో అది నిలిచియే యుండును. వేడిమియు అంతే. ఒక వస్తువు ఎంత వేడిగ నున్నది అనునది ప్రశ్న కాదు. దాని ప్రక్కనున్నది దానికన్న ఎంత చల్లన అనునదియే ప్రశ్న.

సీబెక్ కంటితో చూచినది సత్యము. కాని దానికి ఆయన చెప్పిన కారణము తప్పు. వేడిమి తేడావలన లోహములే అయస్కాంతములగుచున్నవని ఆయన తలచెను. భూమధ్యరేఖకును ధ్రువములకును గల ఉష్ణభేదమే భూమియొక్క అయస్కాంతశక్తికి కారణమై యుండవచ్చునని కూడ ఊహించెను. ఓర్స్టెడ్ మాత్రము అసలు సంగతిని గ్రహించి, ఇది ఉష్ణమువలన పుట్టిన విద్యుత్ప్రవాహమనియు, ఆ ప్రవాహమే ముల్లును కదల్చుచున్నదనియు చెప్పెను. నేడు మనము వాడు "ఉష్ణవిద్యుత్తు" అను పేరునకు మూలము ఓర్స్టెడ్ పెట్టిన పేరే. సీబెక్ ఆ పేరు నొప్పుకొనలేదు. ఆయన పట్టుదలవలన కలిగిన నష్టము స్వల్పము కాదు. ఆయన అనేక లోహములను, ఖనిజములను ఓపికతో పరీక్షించి, ఏది ఎంత ప్రభావము చూపునో పట్టికగా వ్రాసియుంచెను. శతాబ్దము గడచిన తరువాత రష్యా శాస్త్రజ్ఞుడు అబ్రాం యోఫె ఆ పట్టికను పరిశీలించి, అందలి కొన్ని పదార్థములను సరిగ జతపఱచియున్నచో, వేడిమిలో నూటికి మూడువంతులు విద్యుత్తుగ మాఱెడిదనియు, ఆనాటి ఆవిరియంత్రములు సైతము అంతకు మించి చేయలేదనియు వ్రాసెను. నిధి చేతికి వచ్చియు, దానికి వేఱు పేరు పెట్టి ప్రక్కన నుంచినట్లయ్యెను.

ఐనను విద్య ఆగలేదు. 1826లో ఓమ్ అను జర్మను ఉపాధ్యాయుడు విద్యుత్ప్రవాహమునకు సంబంధించిన తన ప్రసిద్ధ సూత్రమును స్థాపించుటకు ఈ రెండు లోహముల జతనే వాడెను. ఏలనన, ఆనాటి రసాయనిక బ్యాటరీలకన్న ఇది నిలుకడగ పనిచేసెను. 1834లో పెల్టియే అను ఫ్రెంచివాడు దీనికి తిరుగుబాటు కనుగొనెను. ఆయన మొదట గడియారముల పనివాడు. రెండు లోహముల అతుకుగుండ విద్యుత్తును పంపినచో ఒకవైపు వేడియు, ఒకవైపు చలువయు పుట్టునని ఆయన చూపెను. నాలుగేండ్ల తరువాత 1838లో, రష్యాలో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు బిస్మతు, ఆంటిమొని అను రెండు లోహముల అతుకుపై నీటిచుక్క నుంచి, విద్యుత్తును పంపి దానిని మంచుగ గడ్డకట్టించెను. ప్రవాహమును ఎదురుత్రిప్పి ఆ మంచును మఱల కరగించెను. వేడి విద్యుత్తును పుట్టించును, విద్యుత్తు చలువను పుట్టించును. రెండును ఒకే నాణెమునకు రెండు ముఖములు. 1850 ప్రాంతములందు బ్రిటిషు శాస్త్రజ్ఞుడు విలియం థామ్సన్ ఈ రెండింటిని ఒకే సిద్ధాంతమున ముడివేసెను. ఆయనయే తరువాత కెల్విన్ ప్రభువని ప్రసిద్ధి కెక్కెను.

విద్య ఇట్లు పండితుల చేతిలో పెరుగుచుండగ, దానిని పనిలో పెట్టినవాడు క్లామోన్ అను ఫ్రెంచి పనివాడు. 1874 ప్రాంతమున ఆయన ఇనుమును, జింకు ఆంటిమొనిల మిశ్రలోహమును వందలకొలది ముక్కలుగ వలయములలో పేర్చి, నడుమ గ్యాసుమంట నుంచి ఒక విద్యుత్తు పొయ్యిని నిర్మించెను. పారిసునందు ఫ్రాన్సు బ్యాంకుయొక్క ముద్రణాలయమున దీనిని వాడిరి. అచ్చుపనికి వేడిమి విద్యుత్తు సేవచేసిన దినము లవి. నేడు అదే అచ్చుపని వేడిమి విద్యుత్తునకు సేవచేయుచున్నది. చరిత్రలో ఋణము ఒక్కొక్కప్పుడు ఇట్లు తీఱును.

క్లామోన్ పొయ్యి నిలువలేదు. అప్పటికే డైనమో వచ్చినది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమును బట్టి, చక్రమును త్రిప్పి విద్యుత్తును పుట్టించు యంత్రములు 1870 తరువాత బలపడెను. అవి ఎక్కువ యిచ్చెను, తక్కువ తినెను. వేడిమి విద్యుత్తు వెనుకబడుటకు ఇది యొక కారణము. కాని అంతకన్న లోతైన కారణము పదార్థములలోనే యుండెను.

అది యెట్లన: ఈ పనికి తగిన పదార్థమునకు మూడు గుణములు కావలెను. మొదటిది, వేడి తేడా తగిలినంతనే విద్యుత్తును పుట్టించు శక్తి ఎక్కువగ నుండవలెను. రెండవది, పుట్టిన విద్యుత్తును తనగుండ సులువుగ పోనీయవలెను. మూడవది, వేడిని మాత్రము పోనీయరాదు; పోనిచ్చినచో రెండు కొనలును కొంతసేపటికి సమానముగ వేడెక్కి, తేడా నశించి, విద్యుత్తు ఆగిపోవును. ఈ మూడింటిని లెక్కప్రకారము 1909లోను 1911లోను స్పష్టముగ చెప్పినవాడు ఆల్టెన్కిర్ఖ్ అను జర్మను. కాని విద్యుత్తును బాగుగ పోనిచ్చు లోహము వేడినికూడ బాగుగ పోనిచ్చునని 1853లోనే వీడెమన్, ఫ్రాంట్స్ అను నిరువురు చూపియుండిరి. రాగిగిన్నె చూడుడు, విద్యుత్తు తీగెకు రాగియే, త్వరగ వేడెక్కునదియు రాగియే. చుట్టమును లోనికి రానిచ్చి, చుట్టముతో వచ్చిన దొంగను వాకిట ఆపవలెను. ఇరువురును చేయి చేయి పట్టుకొని వచ్చినచో ద్వారపాలకుడేమి చేయును? ఇదియే నూఱేండ్లు శాస్త్రజ్ఞులను పీడించిన చిక్కు.

ఈ చిక్కులో మొదటి ముడిని విప్పినది అర్ధవాహకము లనబడు పదార్థములు. ఇవి రాగివలె విద్యుత్తును పూర్తిగ పోనీయవు, గాజువలె పూర్తిగ ఆపవు. 1929 ప్రాంతమునుండి లెనిన్గ్రాడునందు యోఫె వీనిపై పనిచేయించెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. శత్రువు ఆక్రమించిన అడవులలో దాగి పోరాడు దళములకు వార్తలు పంపుటకు రేడియోలుండెను గాని, బ్యాటరీ అయిపోయినచో వానిని నింపు చోటు లేదు. అప్పుడు యోఫె శిష్యులు ఒక తపేలాను తయారుచేసిరి. దాని అడుగున అర్ధవాహకపు ముక్కలుండును. క్రింద నెగడు మంట. పైన తపేలాలో మరుగు నీరు. మంట ఎంత వేడియైనను, నీరు మరుగు వేడిమిని మించదు. కావున పై ప్రక్క చల్లగనే యున్నట్లు లెక్క. ఆ తేడాతో పుట్టిన కొలది విద్యుత్తుతో రేడియో పలికెను. చూచువారికి అది అన్నము వండుకొను పాత్రయే.

యుద్ధము ముగిసిన తరువాత ఆ విద్య పల్లెలకు వచ్చెను. 1950 తరువాతి సంవత్సరములందు సోవియట్ దేశమున కిరసనాయిలు దీపపు చిమ్నీపై తొడుగు నొక లోహపు వలయము అమ్మకమునకు వచ్చెను. దాని లోపలి ముఖమునకు దీపపు వేడి తగులును. వెలుపలి ముఖమున రెక్కలవంటి రేకులు గాలికి చల్లబడును. దీపము ఇల్లు వెలిగించును. దాని వ్యర్థపు వేడి రేడియోను పలికించును. విద్యుత్తీగెలు రాని పల్లెలలో రేడియో వినుటకు బ్యాటరీలతో పడిన పాట్లు మన దేశపు పెద్దలకు తెలియనివి కావు. కావున ఈ దీపముయొక్క విలువ మనకు వేఱుగ వర్ణింప నక్కఱలేదు. అది యిచ్చినది మూడు వాట్ల ప్రాంతము మాత్రమే. ఐనను వేడిమి విద్యుత్తు సామాన్యుని యింట కాలుపెట్టిన తొలిసారులలో అది యొకటి.

1954లో ఇంగ్లండునందు గోల్డ్స్మిడ్ అను యువశాస్త్రజ్ఞుడు బిస్మతును టెల్లూరియమును కలిపిన బిస్మతు టెల్లూరైడు అను పదార్థము ఈ పనికి శ్రేష్ఠమని చూపెను. అప్పటినుండి మన సాధారణ వేడిమిలో పనిచేయు పరికరములకు అదియే రాజైనది. 1961లో అమెరికా వారు పంపిన ఒక ఉపగ్రహమున, ప్లుటోనియము అను ధాతువు తనంత తాను వెలువఱచు వేడినుండి విద్యుత్తును తీసిరి. 1977లో బయలుదేఱిన వాయేజరు నౌకలు రెండును అట్లే, బయలుదేఱునప్పుడు ఒక్కొక్కటి ఇంచుమించు 470 వాట్ల విద్యుత్తుతో పోయినవి. సూర్యుని వెలుగు చాలని దూరమునుండి 2024లో సైతము అవి భూమికి వార్తలు పంపుచుండెను. నలువదియేడు సంవత్సరములు, కదలు చక్రమొక్కటియు లేక, నూనె వేయు చేయి లేక, పనిచేసిన విద్యుత్ కేంద్రమది. ఈ విద్య యొక్క గొప్పతనము శక్తియొక్క పరిమాణమున కాదు, ఓర్పునందు గలదు.

కాని ఆ ఓర్పు ఖరీదైనది. 1960 తరువాత ముప్పదియేండ్లు పదార్థముల గుణము ఇంచుమించు ఒకేచోట నిలిచిపోయెను. అప్పుడు 1993లో అమెరికాలో మిల్డ్రెడ్ డ్రెసెల్హాస్ అను విదుషియు, ఆమెతో హిక్స్ అను శిష్యుడును ఒక లెక్కను ప్రకటించిరి. ఆమె వలసవచ్చిన పేదకుటుంబమున పుట్టి, న్యూయార్కునందు పెరిగి, స్వశక్తిచే ప్రొఫెసరైన స్త్రీ. 2017లో కీర్తిశేషురాలైనది. పదార్థమును అతి సూక్ష్మమైన పొరలుగ చేసినచో, అందలి విద్యుత్కణముల నడవడియే మాఱి, పాత హద్దును దాటవచ్చునని ఆ లెక్క చెప్పెను.

ఎంత సూక్ష్మము? మీటరును వందకోట్ల భాగములు చేయగ అందొక భాగమునకు నానోమీటరని పేరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఒక పదార్థమును ఇట్టి వందలోపు నానోమీటర్ల రేణువులుగ చేసి మఱల అదిమి ముద్దచేసినచో ఏమగును? ఘనపదార్థములో వేడి అలలవలె పాఱును. రేణువునకును రేణువునకును నడుమ నున్న సరిహద్దు ఆ అలలను చెదరగొట్టును. విద్యుత్కణము మాత్రము చాలవఱకు దాటిపోగలదు. పొలమున అడుగడుగునకు గట్టు వేసినచో పాఱు నీరు ఆగును. గట్టుపై నడచు మనుష్యు డాగడు. చుట్టము వచ్చెను, దొంగ వాకిట ఆగెను. 2008లో బోస్టను ప్రాంతపు శాస్త్రజ్ఞులు బిస్మతు, ఆంటిమొని, టెల్లూరియముల మిశ్రమమును పొడిచేసి, వేడితో అదిమి, ఇట్లే పాత పదార్థముకన్న చెప్పుకోదగిన మేలైన ఫలమును సాధించిరి.

పదార్థము మేలుపడినది. ఇక పరికరము సంగతి. పాతపద్ధతిలో దీనిని చేయుట శిల్పిపనివంటిది. పదార్థమును కడ్డీగ పోసి, చిన్న చిన్న దిమ్మెలుగ కోసి, ఋణజాతి దిమ్మె యొకటి, ధనజాతి దిమ్మె యొకటి చొప్పున వరుసగ నిలిపి, పైనను క్రిందను పింగాణి పలకలు వేసి టంకము పెట్టవలెను. పదార్థము పెళుసైనది, కోతలో కొంత పొడియై పోవును. తయారైన పలక బిఱుసు. గుండ్రని గొట్టమునకు చుట్టరాదు, చేతికి కట్టరాదు. వేడి వ్యర్థమగు స్థలములు చాలవఱకు గుండ్రని గొట్టములే గదా!

ఇచ్చటనే అచ్చుపని ప్రవేశించెను. పెండ్లి శుభలేఖలను, గుడ్డసంచులను స్క్రీన్ ప్రింటింగు చేయుట పట్టణములలో మీరు చూచియుందురు. చట్రమునకు బిగించిన సన్నని వల. వలలో కావలసిన చోట మాత్రము రంధ్రములు తెఱచియుండును. పైన రంగు పోసి రబ్బరు పలకతో లాగినచో క్రింది గుడ్డపై బొమ్మ పడును. ఆ రంగునకు బదులు బిస్మతు టెల్లూరైడు పొడితో కలిపిన సిరాను వాడినచో, పడిన బొమ్మయే విద్యుత్ పరికరము. ఋణజాతి సిరాతో ఒక అచ్చు, ధనజాతి సిరాతో ఒక అచ్చు, రెండింటిని కలుపు లోహపు గీతలు. అటుపై దానిని ఆరబెట్టి, అదిమి, కాల్చవలెను. అప్పుడు రేణువులు ఒకదానితో నొకటి అతుకుకొనును. కుండను మలచుట ఒక యెత్తు, ఆవములో కాల్చుట ఒక యెత్తు అన్నట్లు, ఇందును కాల్పుననే నేర్పంతయు నున్నది.

2014లో దక్షిణ కొరియాలో కైస్ట్ అను విద్యాసంస్థవారు గాజునూలుతో నేసిన గుడ్డపై ఇట్లు అచ్చువేసి, చేతికి చుట్టుకొనదగిన పరికరమును చూపిరి. 2016లో అమెరికాలో ఇడాహో రాష్ట్రమందలి బోయిసీ విశ్వవిద్యాలయమువారు, ద్రావణములో పెంచిన నానో పలకలవంటి స్ఫటికములను సిరాగ చేసి, వేడికి ఓర్చు ప్లాస్టిక్ రేకుపై అచ్చొత్తిరి. ఆ రేకు వంచినను పనిచేసెను. 2018లో కొరియాలోని ఉల్సాను నగరపు శాస్త్రజ్ఞులు, గొట్టపు వంపునకు సరిపడునట్లు పొరపై పొరగ ముద్రించి నిలువెత్తు ఆకారములను సృష్టించు పద్ధతిని చూపిరి.

అచ్చుపనికిని ఒక దోష ముండెను. సిరా గుడ్డకు పట్టుటకు జిగురు కావలెను; జిగురు విద్యుత్తునకు అడ్డు. కాల్చి జిగురును పోగొట్టినచో దాని చోట చిల్లులు మిగులును. చిల్లులును విద్యుత్తునకు అడ్డే. 2024 డిసెంబరులో ఆస్ట్రేలియాలో క్వీన్స్లాండు సాంకేతిక విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయమును ప్రకటించిరి. జిగురునకు బదులు టెల్లూరియపు నానోకడ్డీలనే సిరాలో కలిపిరి. కాల్చినపుడు అవి పలకల సందులలో చేరి, వానిని అతికి, ఖాళీలను పూడ్చెను. ఇటుకలను అతుకు అడుసుగూడ ఇటుకమట్టియే యైనట్లు. 2025లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞులు పెల్టియే ప్రభావముతో చలువనిచ్చు పరికరములను ముద్రణచేతనే నిర్మించి, గాలిలో 50 డిగ్రీల తేడావఱకు చల్లదనమును సాధించిరి. చిన్న మందుల పెట్టెలను చల్లగ నుంచుట వంటి పనులకు ఈ మార్గము ఉపయోగపడవచ్చును.

ఇక మూడవ ప్రశ్న: మన కేమి? ఇచ్చట నేను మిక్కిలి జాగ్రత్తగ చెప్పవలసియున్నది. ఏలనన, క్రొత్త విద్య వచ్చినపుడెల్ల దానికన్న ముందుగ దాని పేరు చెప్పి సొమ్ము చేసికొనువారు వత్తురు. "మీ శరీరపు వేడితోనే ఇల్లంతయు వెలుగును" అని ఒకడు చెప్పెననుకొందము. లెక్క చూతము. ఊరక కూర్చున్న మనుష్యుని శరీరము సుమారు 100 వాట్ల వేడిని వెలువఱచును. చర్మము 33 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు అనుకొన్నచో తేడా ఎనిమిది డిగ్రీలే. అంత చిన్న తేడానుండి ఏ పరికరమైనను, దేవతలు చేసిన దైనను, నూటికి సుమారు రెండున్నరకన్న ఎక్కువ తీయలేదని ప్రకృతి నియమము. మనుష్యులు చేసిన పరికరము అందొక చిన్న భాగమునే తీయగలదు. మణికట్టునకు కట్టిన పట్టీ కిట్లు దక్కునది వాటులో వేయవ వంతులతో లెక్కింపవలసినది. పట్టీ యొకటి వాటులో వేయవ వంతు ఇచ్చుననుకొన్నచో, తొమ్మిది వాట్ల దీపమునకు తొమ్మిదివేల పట్టీలు కావలెను!

మఱొక సంగతి. పలనాటి రెంటచింతలలో మేనెల మధ్యాహ్నము గాలి మన శరీరముకన్న వేడిగ నుండును. అప్పుడు పట్టీలో ప్రవాహము ఎదురుతిరుగును. గాలి వేడియు శరీరపు వేడియు సమానమైన గడియలో ఆగియే పోవును. ఎండ ఎక్కువగ నున్నది గనుక విద్యుత్తు ఎక్కువగ వచ్చుననుట భ్రమ. తేడా యున్నగాని రాదని మొదటనే చెప్పితిని గదా! ఎండనుండి శక్తిని తీయవలెనన్న సూర్యరశ్మి ఫలకములే మేలు.

అట్లని దీనిని తృణీకరింపరాదు. చిన్న శక్తితో జరుగు పెద్దపనులు గలవు. 1998లో జపానునందు సైకో కంపెనీ వారు చేతివేడితో నడచు గడియారమును అమ్మిరి. నాడిని, జ్వరమును కనిపెట్టుచు వార్త పంపు చిన్న పరికరములకును, కర్మాగారములలో ఆవిరిగొట్టములు మితిమీఱి వేడెక్కినచో హెచ్చరించు పరికరములకును వేయవ వంతు వాట్లే చాలును. వీనికి బ్యాటరీ మార్చుటయే పెద్ద ఖర్చు. వేడిగొట్టమునకు చుట్టిన అచ్చురేకు ఆ ఖర్చును తప్పించును. బట్టీలు, కర్మాగారపు పొగగొట్టములు మొదలగు చోట్ల తేడా వందల డిగ్రీలుండును గనుక, అచ్చట ఆశకు ఎక్కువ చోటు గలదు.

అడ్డంకులును గలవు. టెల్లూరియము భూమి పైపొరలో ప్లాటినమువలె అరుదైన ధాతువు. రాగిని శుద్ధిచేయునపుడు ఉపఫలముగ వచ్చునదే ముఖ్యమైన రాబడి. దానికి బదులు చవుకైన పదార్థములను వెదకుచున్నారు. అచ్చువేసిన రేకు వేలసార్లు వంగియు, వేడెక్కి చల్లాఱియు, ఎన్నేండ్లు నిలుచుననునది వాడుకయందే తేలవలెను. కావున ఇట్టి పరికరమును ఎవరైన మీ యూరికి తెచ్చి అమ్మజూపినచో, మూడు ప్రశ్నలు వేయుడు: ఎన్ని డిగ్రీల తేడాకు? ఎన్ని వాట్లు? ఎన్ని సంవత్సరములు? ఈ మూడింటికి అంకెలతో సమాధానము చెప్పినవాని మాట వినుడు. అంకె చెప్పక పొగడ్తలు చెప్పినవానికి మజ్జిగ యిచ్చి పంపుడు.

పెద్దలారా! తాటాకులపై గంటముతో వ్రాసిన కాలమున పురాణగ్రంథము ఊరికొకటి యున్న గొప్ప. అందలి కథ మాఱలేదు, పద్యము మాఱలేదు. అచ్చు వచ్చెను, గ్రంథము ఇంటింటికి వచ్చెను. వేడిమి విద్యుత్తు నేడు తాటాకు కాలమును దాటి అచ్చుకాలమున అడుగుపెట్టుచున్నది. సీబెక్ చూచిన ముల్లు కదలిక యందు క్రొత్తగ చేర్చినది లేదు. దానిని చవుకగ, వంగునట్లు, వేలకొలది ప్రతులుగ చేయు నేర్పు మాత్రమే క్రొత్తది. ఆ నేర్పు పట్టుబడుటకు జర్మను వైద్యుడు, ఫ్రెంచి గడియారపు పనివాడు, రష్యా యుద్ధశిబిరములు, న్యూయార్కు పేదపిల్ల, కొరియా, ఆస్ట్రేలియా ప్రయోగశాలలు అన్నియు కావలసివచ్చెను. మీ యూళ్లలో చదువుకొను పిల్లలలో ఎవరైన భౌతికశాస్త్రమో, రసాయనశాస్త్రమో, అచ్చుపనియో నేర్చుకొనుచున్నచో, ఈ మూడును ఒకచోట కలియు పని యొకటి గలదని వారికి చెప్పుడు.